బరంపురం నుంచి జయపురం దాకా: పాత వాన లెక్కలు ఎక్కడ దొరుకుతాయి, దేనికి ఏది వాడాలి

వాన లెక్క కోసం వెతికేవాళ్లు మన దక్షిణ ఒడిశా వైపు తక్కువేమీ కాదు. బరంపురంలో ఇల్లు కడుతూ డాబా మీద పడ్డ నీళ్లు ట్యాంకులోకి పట్టుకుందామనుకునేవారు ఉన్నారు. పర్లాకిమిడిలో వ్యవసాయ డిగ్రీ ప్రాజెక్టు రాస్తున్న పిల్లలు ఉన్నారు. గుణుపూర్ దగ్గర వరి మునిగిపోయిన రైతు, వానలకు రోడ్డు పని ఆగిపోయిందని గడువు పెంచమనే కాంట్రాక్టరు, తాతల నాటి కరువుల గురించి రాసుకుంటున్న రిటైర్డ్ టీచరు, అందరి నోటా ఒకటే మాట: “మా ఊళ్లో ఫలానా ఏడాది వాన ఎంత పడిందండీ?” అడిగేది ఒకటే అయినా వీళ్లకు కావలసిన లెక్క ఒకటి కాదు. డాబా నీళ్లకు చక్కగా సరిపోయే అంకెను క్లెయిము కాగితానికి జతచేస్తే తిప్పి పంపేస్తారు. ప్రాజెక్టుకు వాడే గ్రిడ్ లెక్కతో (దేశాన్ని గళ్లుగా విడగొట్టి గడికో అంకె ఇచ్చేది) “తిత్లీ తుపాను నాడు మన వీధిలో ఇంత పడింది” అని చెప్పలేం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్క రోజు వాన కావాలంటే మీ ఊరికి దగ్గర్లోని వర్షమాపకం లెక్కే చూడండి. యాభై, వంద ఏళ్ల తీరు కావాలంటే భారత వాతావరణ శాఖ గ్రిడ్ డేటా తీసుకోండి. డబ్బుతోనో కోర్టుతోనో ముడిపడిన పనైతే సంతకం, ముద్ర ఉన్న కాగితం తప్ప ఇంకేదీ చెల్లదు. శాటిలైటు లెక్కలు, విదేశీ సైట్ల లెక్కలు ఈ మూడింటికీ తోడుగా పనికొస్తాయి గానీ వాటి బదులు పనికిరావు.

డబ్బాలో పడిన వాన

అన్నిటికీ మూలం వర్షమాపకం. బ్లాక్ ఆఫీసు ఆవరణలోనో, తహసీల్ ఆఫీసు పక్కనో చిన్న కంచె మధ్య నిలబెట్టిన ఫైబర్ డబ్బా అది. పైన గరాటు, లోపల నీళ్లు పట్టే పాత్ర. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు లోపలి నీళ్లను గీతలున్న గాజు గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టర్లో రాస్తారు. చూడ్డానికి చాలా చిన్న పని. కానీ మన జిల్లాల గురించి కనిపించే పాత అంకెల్లో చాలావాటి వెనక ఎక్కడో ఒకచోట ఇలా గ్లాసు ఎత్తి కంటికి ఎదురుగా పట్టుకుని చూసిన మనిషి ఉంటాడు.

ఇక్కడే తేదీ సంగతి ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇవాళ పొద్దున్న ఎనిమిదిన్నరకు రాసిన అంకె ఇవాళ్టి తేదీ కింద పడుతుంది. ఆ వాన మాత్రం నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర వరకు పడింది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రంతా బరంపురం మీద కురిసిన వాన వాతావరణ శాఖ పట్టికలో 13వ తేదీ గడిలో ఉంటుంది. “పన్నెండో తేదీ చూస్తే ఇంతే ఉందేంటి, లెక్క తప్పు” అని చాలామంది పట్టికను పక్కన పడేస్తారు. లెక్క తప్పు కాదు, పక్క గడి చూడాలంతే. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ పగలంతా గజపతి కొండల మీద పడిన వాన 12వ తేదీలోకి వెళ్తుంది. గజపతి జిల్లా బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి జనం చనిపోయిన రోజు గురించి రాసేవాళ్లు ఆ రెండు తేదీలనూ కలిపి చూడాలి.

డబ్బాకు దాని లోపాలు దానికున్నాయి. ఈదురుగాలిలో చినుకులు అడ్డంగా కొట్టుకుపోయి, పడిన దానికంటే తక్కువ నమోదవుతుంది. ఎవరూ చూడని రోజుల వాన తర్వాతి రోజు ఖాతాలో ఒక్కసారే కలిసిపోయే ప్రమాదం ఉంది. ఖాళీ గడికీ సున్నాకూ తేడా చూసుకోండి. సున్నా అంటే వాన లేదని, ఖాళీ అంటే ఎవరూ చూడలేదని. ఎక్సెల్‌లో ఖాళీలను సున్నా చేసి ఏడాది మొత్తం కూడితే లేని కరువు ఒకటి పుట్టుకొస్తుంది. ఆటోమేటిక్ వర్షమాపకాలు వచ్చాక మనిషి మతిమరుపు బాధ తగ్గింది. అయితే గరాటులో ఆకులు, పురుగులు అడ్డుపడితే అదీ తప్పే చెబుతుంది. వాన మరీ కుండపోతగా పడితే, నిండగానే ఒరిగి వానను లెక్కించే లోపలి చిన్న బకెట్టు వేగం చాలక కొంత లెక్కలోకి రాదు.

వాతావరణ శాఖ స్టేషన్ లెక్కా, బ్లాక్ లెక్కా

భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది. దేశం మొత్తం మీది పాత లెక్కలు పుణెలోని జాతీయ డేటా కేంద్రంలో ఉంటాయి. అక్కడి డేటా పోర్టల్లో పేరు నమోదు చేసుకుని, స్టేషన్, కాలం ఎంచుకుని అడగాలి. వ్యాపార పనికైతే రుసుము కట్టాలి. విద్యార్థులకు, పరిశోధకులకు వేరే నిబంధనలు ఉంటాయి, కాలేజీ నుంచి లెటర్ తీసుకుని అడగండి. ఈ లెక్కల్లో గొప్పతనం ఏంటంటే, పరిశీలించి, తప్పులు ఏరి పెట్టిన స్టేషన్ వారీ రోజువారీ అంకెలు ఇవి. ఇబ్బంది ఏంటంటే మంచి పాత స్టేషన్లు అన్ని ఊళ్లలోనూ లేవు.

బరంపురం సంగతే తీసుకోండి. చాలా సైట్లలో బరంపురం అని కనిపించే వాతావరణం నిజానికి గోపాల్‌పూర్ స్టేషన్‌ది. గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున ఉంది. బరంపురం లోపలికి ఉంది. తుపాను నాడు రెండు చోట్లా కుండపోతే. కానీ జూలై సాయంత్రం ఉరుముల వాన ఒకచోట దంచికొట్టి ఇంకోచోట చినుకు కూడా రాల్చకపోవడం మనకు తెలియనిది కాదు. ఏడాది మొత్తానికి, నెల సగటుకు గోపాల్‌పూర్ లెక్కను బరంపురానికి వాడుకోవచ్చు. ఒక్క రోజుకు మాత్రం వద్దు.

ఇటీవలి ఏళ్లకైతే నేను ముందుగా చూసేది ఒడిశా ప్రభుత్వ ప్రత్యేక రిలీఫ్ కమిషనర్ కార్యాలయం పెట్టే బ్లాక్ వారీ లెక్క. రాష్ట్రంలో 314 బ్లాకులు ఉన్నాయి. జిల్లా సగటు మీద ఆధారపడకుండా మోహన ఎంత, కాశీనగర్ ఎంత, గుమ్మ ఎంత అని విడివిడిగా చూడొచ్చు. మన కొండ జిల్లాలకు ఇది చాలా అవసరం. 2017 జూలై 16న రాయగడ జిల్లాలో నాగావళి, కల్యాణి ఒక్కసారిగా పొంగాయి. థేరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. వరద తెచ్చిన వాన కల్యాణసింగుపూర్ వైపు కొండల్లోది. ఇలాంటి రోజున జిల్లా సగటు చూసినా, రాయగడ టౌను డబ్బా ఒక్కటే చూసినా వంతెన ఎందుకు పోయిందో అర్థం కాదు. బ్లాకులు విడివిడిగా చూడాల్సిందే.

నది ఒడ్డు ఊళ్లకు ఇంకో దారి ఉంది. కేంద్ర జల సంఘం వంశధార మీద కాశీనగర్, గుణుపూర్ లాంటి చోట్ల నీటిమట్టం చూసే కేంద్రాలు నడుపుతుంది. కేంద్ర ప్రభుత్వపు జలవనరుల సమాచార వ్యవస్థ సైటులో వాన, నీటిమట్టం రెండూ స్టేషన్ వారీగా, నదీ పరివాహకం వారీగా వెతకొచ్చు. వాన లెక్క మీద అనుమానం వస్తే అదే వారంలో వంశధార నీటిమట్టం పక్కన పెట్టి చూడండి. ఎగువన వాన పడకుండా ఏరు పొంగదు కదా. కోరాపుట్ వైపైతే సెమిలిగుడలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, సునాబెడలోని మట్టి-నీటి సంరక్షణ కేంద్రం లాంటివి ఉన్నాయి. పంటల మీద, కొండవాలు మట్టి మీద పని చేసేవాళ్లు అక్కడ అడిగి చూడటం మంచిది. విద్యార్థులను వాళ్లు సాధారణంగా బాగానే పలకరిస్తారు.

గ్రిడ్ డేటా: ఉచితం, పొడవైనది, కానీ మీ ఊరిది కాదు

1901 నుంచి నేటి దాకా రోజువారీ వాన, ఒక్క పైసా కట్టకుండా, ఇంట్లో కూర్చుని దించుకోగలిగింది వాతావరణ శాఖ పుణె వాళ్ల పావు డిగ్రీ గ్రిడ్ డేటా. దేశం మొత్తాన్ని పావు డిగ్రీ అంతరంతో గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో రోజు ఒక అంకె ఇచ్చారు. గడికి అడ్డం, నిలువు సుమారు 27 కిలోమీటర్లు. మొత్తం మీద 6,955 వర్షమాపకాల లెక్కల్ని ఇందులో వాడారు, అన్నీ అన్ని ఏళ్లలోనూ లేవు. చుట్టుపక్కల డబ్బాల అంకెలకు దూరాన్ని బట్టి బరువిచ్చి మధ్యలో ఉన్న గడికి విలువ కట్టారు.

ప్రాజెక్టు పిల్లలకు దీన్నే సిఫారసు చేస్తాను. కాబట్టి కాస్త లోపలికి వెళ్లి చూద్దాం. ఏడాదికి ఒక ఫైల్ ఉంటుంది. అడ్డంగా 135 గళ్లు, 66.5 డిగ్రీల తూర్పు నుంచి 100 దాకా. నిలువుగా 129, 6.5 డిగ్రీల ఉత్తరం నుంచి 38.5 దాకా. అంటే రోజుకు 17,415 అంకెలు. ఒక్కో అంకెకు నాలుగు బైట్లు. మామూలు ఏడాది ఫైల్ సరిగ్గా 2,54,25,900 బైట్లు ఉండాలి, లీపు ఏడాదైతే 2,54,95,560. మన వైపు నెట్ మధ్యలో తెగిపోతూ ఉంటుంది గనక ఫైల్ దిగాక ఈ సైజు సరిచూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పైథాన్ వచ్చినవాళ్లకు ఐఎండీలిబ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఆ గడి మొత్తం చరిత్రను సీఎస్వీ ఫైలుగా ఇచ్చేస్తుంది. అంకెల మధ్య మైనస్ 999 కనిపిస్తే అది వాన కాదు, డేటా లేదని గుర్తు. సముద్రం మీది గళ్లకు అదే ఉంటుంది. గోపాల్‌పూర్ లాంటి తీరం ఊళ్లకు పొరపాటున సముద్రపు గడి ఎంచుకుంటే ఏడాదంతా అదే వస్తుంది.

బరంపురం 19.31 ఉత్తరం, 84.79 తూర్పు. దగ్గరి గడి 19.25, 84.75. ఇది సులువు. పర్లాకిమిడి 18.78, 84.09. గడి 18.75, 84.0. ఆ గడిలో పర్లాకిమిడితో పాటు సరిహద్దు అవతల పాతపట్నం వస్తుంది, వెనకున్న కొండలూ వస్తాయి. ఇక జయపురం, కోరాపుట్ చూడండి. రెంటి మధ్య ఘాట్ రోడ్డు మాత్రమే అడ్డం. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంటే జయపురం 600 మీటర్ల చిల్లరలో ఉంది. మేఘం ఘాట్ ఎక్కుతూ కోరాపుట్ మీద ముసురు పట్టిస్తుంటే కింద జయపురంలో ఎండ కాయడం అందరూ చూసిందే. గ్రిడ్‌లో కోరాపుట్‌కు 18.75, 82.75 గడి, జయపురానికి 18.75, 82.5 గడి వస్తాయి. పక్కపక్క గళ్లు. మధ్యలో నిజంగా వర్షమాపకాలు చాలినన్ని ఉన్న కాలంలో తేడా కనిపిస్తుంది. లేని కాలంలో రెండూ ఒకే దూరపు డబ్బా నుంచి విలువ తీసుకుని కవలల్లా కనిపిస్తాయి. 1900ల తొలి దశాబ్దాల్లో ఏజెన్సీ కొండల్లో వర్షమాపకాలు చాలా తక్కువ. అందుకే “వందేళ్లలో కోరాపుట్ కొండల్లో వాన తగ్గింది” లాంటి పెద్ద మాటను ఒక్క గడి ఆధారంగా రాయకూడదు. వర్షమాపకాల సంఖ్య మారినా లెక్కలో అలాంటి వాలు కనిపించగలదు.

రోజువారీ డేటాతో ఇంకో లాభం ఉంది. మన పెద్దవాళ్లు వానను నెలలతో లెక్కించరు, కార్తెలతో లెక్కిస్తారు. మృగశిర జూన్ 7, 8 ప్రాంతంలో వస్తుంది, ఆరుద్ర 21, 22 ప్రాంతంలో. నెలసరి పట్టికలో ఈ రెండూ జూన్‌లో కలిసిపోతాయి. రోజువారీ డేటా ఉంటే కార్తె వారీగా కూడుకోవచ్చు. ఊడుపులు ఆలస్యమైన ఏళ్లలో మృగశిర వట్టిపోయిందా, ఆరుద్ర ఎగ్గొట్టిందా అనేది అప్పుడు తేలిపోతుంది. పంట మీద పని చేసే పిల్లలు ఇలా చేస్తే ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడటానికీ బాగుంటుంది, చెప్పింది సరిపోల్చుకోడానికీ బాగుంటుంది. ఫైలిన్, 2014లో విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే వచ్చాయి. హస్త పోయి చిత్త వచ్చే రోజులవి. అక్టోబరు మొత్తాన్ని ఒక్క అంకెగా చూస్తే ఆ నెలలో మంచి వాన పడిందనిపిస్తుంది. పంట కోతకొచ్చే వేళ మూడు రోజుల్లోనే అంతా పడిందనేది రోజువారీలోనే కనిపిస్తుంది.

విదేశీ సైట్లు

ఊరి పేరు కొట్టగానే గ్రాఫు చూపించే సైట్లలో చాలా వాటి వెనక ఉండేది ఐరోపా వాతావరణ అంచనా కేంద్రం వాళ్ల ఇరా5 (ERA5) డేటా. ఇది 1940 నుంచి ఉంది, గంటగంటకూ ఉంది, ఓపెన్-మీటియో లాంటి సైటులో అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి నిమిషంలో దించుకోవచ్చు. కానీ ఇది డబ్బాలో పడిన వాన కాదు. గాలి, తేమ, ఒత్తిడి పరిశీలనలతో కంప్యూటర్ మోడల్ కట్టిన వాన. చిన్న తుంపరను ఎక్కువ రోజులకు పంచుతుంది, కుండపోతను తగ్గించి చూపిస్తుంది. మన కొండలకు ఆ రెండో లోపమే ప్రమాదకరం. కల్వర్టు సైజు లెక్కించే పనికి దీన్ని వాడొద్దు.

చిర్ప్స్ అనేది శాటిలైటునూ వర్షమాపకాలనూ కలిపి చేసింది. 1981 నుంచి ఉంది. గడి సుమారు 5.5 కిలోమీటర్లే కాబట్టి కొండా మైదానం విడిగా కనిపిస్తాయి. దీన్ని ఐదు రోజుల మొత్తాలుగా కట్టి, తర్వాత రోజులకు పంచారు. అందుకని నెలకు, సీజనుకు బాగుంటుంది, ఒక్క రోజుకు కాదు. గుణుపూర్, పద్మపూర్, మునిగుడ లాంటి చోట్ల కరువు ఏళ్లను పోల్చడానికి నాకు బాగా నచ్చినది ఇదే. నాసా పవర్ కూడా 1981 నుంచి ఉంది, వాడటం అన్నిటికన్నా సులువు. కానీ గడి యాభై కిలోమీటర్లకు పైనే కాబట్టి పక్కపక్క ఊళ్లకు చాలాసార్లు ఒకటే వాన ఇస్తుంది. తుపాను గంటల్లో వాన ఎలా కదిలిందో చూడాలంటే నాసా వాళ్ల ఐమెర్గ్ ఒక్కటే మంచిది, అరగంటకొక చిత్రం ఇస్తుంది. అది పాత దశాబ్దాలకు దొరకదు.

వీటిలో చాలావాటిలో రోజు అంటే గ్రీనిచ్ రోజు, మన గడియారంలో పొద్దున్న ఐదున్నర నుంచి మర్నాడు ఐదున్నర దాకా. వాతావరణ శాఖ రోజు ఎనిమిదిన్నరకు మారుతుంది. అందుకే రెండు రకాల లెక్కల్ని రోజుకు రోజు పక్కన పెట్టి పోల్చొద్దు. మూడు రోజుల మొత్తం గానీ, నెల మొత్తం గానీ పోల్చండి.

ఊరు, జిల్లా, రాష్ట్రం మారిన లెక్క

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1936 ఏప్రిల్ 1కి ముందు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు జిల్లా. కోరాపుట్ వైపంతా విశాఖపట్నం జిల్లాలో జయపురం జమీందారీ. అందుకని పాత వాన లెక్కల కోసం ఒడిశా పుస్తకాల్లో వెతికితే దొరకవు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా గెజెటీర్లలో, పంటల వార్షిక నివేదికల్లో వెతకాలి. స్కాన్ చేసిన ప్రతులు ఇప్పుడు డిజిటల్ లైబ్రరీల్లో చాలానే ఉన్నాయి. వాటిలో వాన అంగుళాల్లో, సెంట్లలో ఉంటుంది. నూరు సెంట్లు ఒక అంగుళం, అంగుళం 25.4 మి.మీ. “45.32” అని ఉంటే దాన్ని 25.4తో హెచ్చించాలి, 1,151 మి.మీ. వస్తుంది.

జిల్లా సగటులకు ఇంకో గీత 1992 అక్టోబరు 2. ఆ రోజు గంజాం నుంచి గజపతి విడిపోయింది. కోరాపుట్ నుంచి రాయగడ, మల్కనగిరి, నబరంగపూర్ వేరుపడ్డాయి. 1985లో కోరాపుట్ జిల్లా వాన, 2005లో కోరాపుట్ జిల్లా వాన అని పక్కపక్కన పెట్టి గీత గీస్తే అందులో అర్థం లేదు. పేరు ఒకటే, నేల వేరు.

స్పెల్లింగు చిక్కు కూడా చూసుకోండి. రాజస్థాన్ జైపూర్‌నూ, మన జయపురాన్నీ పాత ఇంగ్లీషు రాతల్లో ఒకే విధంగా రాసినవి ఉన్నాయి. ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్‌కూ మన బరంపురానికీ అదే తంటా. ఏ ఫైల్ తెరిచినా ముందు అక్షాంశం చూడండి. జయపురానికి 18.86 ఉండాలి, 26.9 కనిపిస్తే అది రాజస్థాన్.

సరిహద్దు అవతలి లెక్కల్ని కూడా వాడుకోండి. పర్లాకిమిడికి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉన్నంత మాత్రాన వాన రాష్ట్రం చూసుకుని పడదు. ఆంధ్రలో మండలాల వారీ వర్షపాతం ఉంటుంది. బరంపురం దక్షిణాన ఉన్న గ్రామాలకు ఇచ్ఛాపురం, తీరం వెంబడి పాత కాలానికి కళింగపట్నం స్టేషన్, జయపురానికి పడమర జగదల్‌పూర్ స్టేషన్ మంచి తోడు. ఒడిశా పట్టికలో ఒక ఏడాది ఖాళీ కనిపిస్తే పక్క రాష్ట్రపు డబ్బాను అడగడం మొదటి పని కావాలి.

ఎవరికి ఏది

డాబా నీళ్లకు పెద్ద వెతుకులాట అక్కర్లేదు. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన ఒక లీటరు. గంజాం జిల్లా సగటు ఏడాదికి 1,250 మి.మీ. పైచిలుకు, కోరాపుట్‌ది 1,500 దాటుతుంది. వంద చదరపు మీటర్ల డాబాకు గంజాంలో 1,25,000 లీటర్లు. ఆవిరి, కారుడు, మొదటి మురికి నీళ్లు ఐదో వంతు తీసేస్తే లక్ష లీటర్లు. నెలవారీ సగటు చూసుకుని జూన్ నుంచి అక్టోబరు దాకా ట్యాంకు ఎలా నిండుతుందో వేసుకోండి.

ప్రాజెక్టు రాసేవాళ్లకు గ్రిడ్ డేటా వెన్నెముక. దాని మీద దగ్గరి స్టేషన్‌తో సరిచూపు, చిర్ప్స్‌తో ఇంకో సరిచూపు. “సాధారణ వర్షపాతం” ఏ కాలానిదో తప్పక రాయండి. వాతావరణ శాఖ పాత సాధారణం 1961–2010, కొత్తది 1971–2020. దేశం మొత్తం నైరుతి రుతుపవనాల సగటే 880.6 మి.మీ. నుంచి 868.6కు మారింది. అది మారితే లోటు శాతాలూ మారతాయి. 2.5 మి.మీ. కన్నా తక్కువ పడిన రోజును వాతావరణ శాఖ వాన రోజుగా లెక్కించదు. భారీ వర్షం అంటే 64.5 మి.మీ. నుంచి, అతి భారీ 115.6 నుంచి, 204.5 పైన అత్యంత భారీ. ఈ హద్దులే వాడితే మీ అంకెలు ఇంకొకరి అంకెలతో పోలుతాయి.

పంట నష్టం, గడువు పొడిగింపు, కోర్టు పనులకు వెబ్‌సైటు ప్రింటు తీసుకెళ్లొద్దు. కాంట్రాక్టర్లు భువనేశ్వర్ వాతావరణ కేంద్రానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి ధ్రువపత్రం తీసుకోవాలి. పంట మునిగిన రైతు ముందు చేయాల్సింది వాన లెక్క వెతకడం కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద వడగళ్లు, ముంపు లాంటి స్థానిక నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. అది చేశాకే బ్లాక్ ఆఫీసులో ఆ తేదీల వాన నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

ఊరి చరిత్ర రాసేవాళ్లకు ఒక విన్నపం. బ్లాక్ ఆఫీసుల్లో, తోటల్లో, జమీందారీ కాగితాల్లో పాత వాన రిజిస్టర్లు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. అవి చెదల పాలు కాకముందే అనుమతి అడిగి, ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీయండి. డబ్బా ఏ చోట ఉండేదో, తర్వాత ఎక్కడికి మార్చారో అక్కడి పాతవాళ్లను అడిగి రాసుకోండి. ఆఫీసు కొత్త బిల్డింగ్‌కు మారినప్పుడు డబ్బా చెట్టు కిందికి వచ్చి ఉంటే ఆ ఏడాది నుంచి వాన తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ చిన్న వివరం ఏ శాటిలైటూ చెప్పదు, అక్కడ పని చేసిన మనిషే చెప్పగలడు.

ఎక్కడి నుంచి తెచ్చినా ప్రతి అంకె పక్కన నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: ఏ స్టేషన్ లేదా ఏ గడి, ఏ కాలానిది, తేదీ ఏ గంటకు మారుతుంది, మీరు ఏ రోజు దించుకున్నారు. వాతావరణ శాఖ, అమెరికా సంస్థలు పాత ఏళ్ల అంకెల్ని కూడా సవరించి కొత్త వెర్షన్లు పెడుతుంటాయి. మీ గైడో, ఇంజినీరో, జడ్జో “ఇది ఎక్కడిది?” అంటే ఆ నాలుగు మాటలే చూపించాలి.